పథకం కాదు, చట్టం కావాలి: ఊరూరికీ బ్రాడ్‌బ్యాండ్, అందరికీ అందే సేవ

(ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల కార్యకర్తల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశం ఎజెండాలో పత్తి కొనుగోళ్లు, పోడు పట్టాలు, ఎస్సారెస్పీ నీళ్ల తర్వాత నాలుగో అంశంగా ‘ఇంటర్నెట్’ అని పెట్టాం. రైతు సంఘానికి నెట్టుతో ఏం పని, అది పట్నం పిల్లల వ్యవహారం కదా అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పి అసలు విషయంలోకి వస్తాం.

నెట్టుతో రైతుకేం పని?

పత్తితో మొదలుపెడదాం. 2025–26 సీజన్‌కు పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధరకు సీసీఐ కొనాలంటే రైతు ముందుగా ‘కపాస్ కిసాన్’ యాప్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ తర్వాత ఏ రోజు, ఏ జిన్నింగ్ మిల్లుకు పత్తి తెస్తాడో స్లాట్ బుక్ చేసుకోవాలి. స్లాట్ లేనిదే కాంటా లేదు. మద్దతు ధరకు చట్టం చెయ్యమని మనం ఏండ్ల తరబడి అడుగుతున్నాం, ఇంతవరకు చెయ్యలేదు. యాప్‌ను మాత్రం ఒక్క సీజన్‌లో తప్పనిసరి చేశారు.

భూమి సంగతి చూడండి. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి అమల్లోకి వచ్చింది. పేరు మారింది, చట్టం మారింది, ఆన్‌లైన్ మాత్రం మారలేదు. మ్యుటేషన్ అయినా, రిజిస్ట్రేషన్ స్లాట్ అయినా, తప్పుల సవరణకు దరఖాస్తు అయినా అన్నీ తెర మీదనే. పీఎం కిసాన్ పైసలు పడాలంటే ఈ-కేవైసీ ఉండాలి. ఐకేపీ సెంటర్‌లో వడ్లు కాంటా పెట్టినా, ట్యాబ్‌లో వివరాలు ఎక్కితేనే ఖాతాలో డబ్బులు పడతాయి. నిరుడు డిసెంబరులో యూరియాకు కూడా బుకింగ్ యాప్ తెచ్చారు. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి నుంచి హాజరును మొబైల్ యాప్‌లో ఫోటోలు తీసి ఎక్కించడం తప్పనిసరి చేశారు. ఫోటో ఎక్కకపోతే గుంత తవ్విన కూలికి ఆ రోజు కూలి ప్రశ్నార్థకమే.

ఇవన్నీ తప్పని మేము అనడం లేదు. రికార్డు ఆన్‌లైన్‌లో ఉంటే దొంగ పట్టాలకు అడ్డు పడుతుంది. కాంటా వివరాలు తెర మీద ఉంటే తరుగు పేరుతో దోచేవాడిని నిలదీయొచ్చు. గులాబీ రంగు పురుగు పడ్డ పత్తి కాయను ఫోటో తీసి జగిత్యాల పొలాస పరిశోధనా స్థానం శాస్త్రవేత్తకు పంపి, మందు కొట్టాలో వద్దో అదే పూట తెలుసుకోవచ్చు. నెట్టు మంచిదే. అది ఎవరి గడప దాకా వచ్చింది, ఎవరి గడప దాకా రాలేదు అన్నదే మా ప్రశ్న.

తిర్యాణి, కెరమెరి, నార్నూర్ గుట్టల్లో సిగ్నల్ కోసం ఎత్తైన చోటు ఎక్కాల్సిన గూడేలు ఇంకా ఉన్నాయి. ఆ గూడెం రైతు స్లాట్ కోసం మండల కేంద్రానికి పోవాలి. బస్సు కిరాయి, సెంటర్‌లో సర్వీసు చార్జీ, పోయిన ఒక రోజు కూలి, సర్వర్ డౌన్ అయితే రెండో రోజు ప్రయాణం అన్నీ అతని మీదనే పడతాయి. ఇది నెట్టు లేని ఊరు కట్టే పన్ను. ఈ పన్నును శాసనసభ ఎన్నడూ ఆమోదించలేదు, కానీ రైతు కడుతూనే ఉన్నాడు.

అందుకే మా వాదన సూటిగా చెప్తాం. ప్రభుత్వం ఏ సేవకైతే నెట్టును షరతుగా పెట్టిందో, ఆ నెట్టును ఊరికి చేర్చే బాధ్యత కూడా ప్రభుత్వానిదే. ఆ బాధ్యత ఒక పథకంగా ఉంటే సరిపోదు. నిధులతో, గడువుతో, జవాబుదారీతో రాష్ట్ర శాసనసభ చేసిన చట్టంగా ఉండాలి.

పెద్ద కాలువ వచ్చింది, పిల్ల కాలువలు రాలేదు

బ్రాడ్‌బ్యాండ్ ఎట్లా పని చేస్తుందో కాకతీయ కాలువ కింద సేద్యం చేసే రైతుకు వేరే చెప్పాల్సిన పని లేదు. పోచంపాడు నుంచి ప్రధాన కాలువ, దాని నుంచి డిస్ట్రిబ్యూటరీలు, వాటి నుంచి తూములు, పిల్ల కాలువలు, చివరికి మన మడి. నెట్టు కూడా అంతే. హైదరాబాద్ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి పంచాయతీకి గాజు తీగ వస్తుంది. దాన్నే ఫైబర్ అంటారు. అందులో వెలుతురు రూపంలో సమాచారం పారుతుంది. పంచాయతీ ఆఫీసు నుంచి ఇంటికి, బడికి, దవాఖానకు పిల్ల కాలువలు తవ్వాలి. పెద్ద కాలువ తవ్వి పిల్ల కాలువలు వదిలేస్తే ఏమవుతుందో ఎస్సారెస్పీ చివరి ఆయకట్టు రైతును అడగండి.

కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబరులో రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వేస్తామని నిర్ణయించింది. అంచనా సుమారు 20 వేల కోట్లు. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టారు. మొదటి విడత లక్ష పంచాయతీలు పూర్తయ్యాయని చెప్పేసరికి 2017 డిసెంబరు వచ్చింది. అప్పటికే అంచనా 42,068 కోట్లకు పెరిగింది. 2023 ఆగస్టులో సవరించిన కార్యక్రమానికి 1,39,579 కోట్లు మంజూరు చేశారు. అంచనాలు ఇన్నిసార్లు పెరిగినా చాలా పంచాయతీ ఆఫీసుల్లో పెట్టిన డబ్బా దుమ్ము పట్టి ఉందన్నది మన కార్యకర్తలందరికీ తెలిసిన విషయమే.

ఎందుకిట్లా అయింది? ఒక కారణం తీగ వేసిన తీరు. మొదట్లో తీగను చెట్టుకొమ్మల లెక్క వేశారు. రోడ్డు పనికి వచ్చిన జేసీబీ ఒకచోట తెంపితే, ఆ తర్వాత ఉన్న ఊర్లన్నీ చీకటే. గండి పడ్డ కాలువ కింద పొలాలు ఎండినట్టు. సవరించిన కార్యక్రమంలో రింగు పద్ధతి పెట్టారు. ఒకవైపు తెగినా రెండో వైపు నుంచి సమాచారం తిరిగి వస్తుంది. పదేండ్ల నిర్వహణ బాధ్యత కూడా కాంట్రాక్టులోనే చేర్చారు. ఇది మంచి మార్పు. రెండో కారణం, పంచాయతీ ఆఫీసుకు తీగ చేరితే లక్ష్యం పూర్తయినట్టు లెక్క రాసుకోవడం. ఆఫీసుకు తాళం వేస్తే నెట్టుకూ తాళమే. ఇంటికి చేర్చే బాధ్యత ఎవరి మీదా గట్టిగా పెట్టలేదు.

మన రాష్ట్రంలో 2015లో తెలంగాణ ఫైబర్ గ్రిడ్ కార్పొరేషన్ పుట్టింది. టీ-ఫైబర్ అని పిలుస్తున్నాం. ఆలోచన గొప్పది. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం ఎట్లాగూ ఊరూరా కందకాలు తవ్వుతున్నాం కాబట్టి, అదే కందకంలో కేబుల్ గొట్టం కూడా వెయ్యాలన్నారు. ఒక్క తవ్వకంతో రెండు పనులు. పది వేలకు పైగా గ్రామాలు, 83 లక్షలకు పైగా ఇళ్లు లక్ష్యమన్నారు. 2024 డిసెంబరు 8న కొన్ని గ్రామాల్లో ఇళ్లకు ప్రయోగాత్మకంగా సేవ ప్రారంభించారు. అందులో మన ఉమ్మడి కరీంనగర్‌లోని పెద్దపల్లి జిల్లా అడవిశ్రీరాంపూర్ ఉంది. నెలకు సుమారు 300 రూపాయలకు కనెక్షన్ అన్నారు. అడవిశ్రీరాంపూర్‌లో వీలైంది గాదిగూడలో ఎందుకు వీలు కాదు? కంపెనీ పుట్టినప్పటి నుంచి ఆ ప్రయోగం దాకా తొమ్మిదేండ్లు పట్టింది. ఈ లెక్కన చివరి గూడేనికి వంతు ఎప్పుడు వస్తుంది?

‘టవర్లున్నయి, చేతిలో ఫోనుంది, ఇంకా తీగ ఎందుకు’ అని కొందరంటారు. టవర్‌కు సమాచారం తెచ్చేది కూడా ఆ తీగే. తీగ లేని టవర్ అడుగంటిన బావిలో మోటరు లాంటిది. మోటరు తిరుగుతుంది, నీళ్లు రావు. పైగా 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రీఛార్జ్ ధరలు పెంచాయి. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే నాలుగు రీఛార్జ్‌లు. అదే ఇంటికి ఒక కనెక్షన్ ఉంటే చదువుకునే పిల్లలు, పెద్దలు అందరూ వాడుకోవచ్చు.

పైసలు ఎవరివి?

చట్టం అనగానే నిధులు ఎక్కడివని అడుగుతారు. మన దగ్గర జవాబు ఉండాలి.

టెలికాం కంపెనీలు తమ ఆదాయంలో 8 శాతం లైసెన్స్ ఫీజుగా కేంద్రానికి కడతాయి. అందులో 5 శాతం వాటా, లాభం రాని పల్లెలకు, అడవి ప్రాంతాలకు ఫోన్, నెట్టు చేర్చడానికే. 2002 ఏప్రిల్ నుంచి ఈ నిధి ఉంది. టెలిగ్రాఫ్ చట్టాన్ని సవరించి 2003లో దానికి చట్టబద్ధత ఇచ్చారు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో దానికి ‘డిజిటల్ భారత్ నిధి’ అని కొత్త పేరు పెట్టారు. కంపెనీలు ఈ డబ్బును తమ జేబులోంచి కట్టవు. మన రీఛార్జ్‌లోంచే కడతాయి. అంటే కెరమెరిలో సిగ్నల్ లేని రైతు కూడా, సంతకు వచ్చి చేసుకున్న రీఛార్జ్‌లో తన ఊరి టవర్ కోసం వాటా కడుతూనే ఉన్నాడు.

ఆ నిధి ఏడాది చివర మురిగిపోకూడదని చట్టంలోనే ఉంది. అయినా వసూలైన దాంట్లో పదుల వేల కోట్లు ఖర్చు కాకుండా నిలిచిపోయాయి. కాగ్ కూడా దీన్ని ఎత్తిచూపింది. కాబట్టి డబ్బు లేదనే మాట నిజం కాదు. చివరి ఊరికి అది కదిలే దారి లేదు.

రాష్ట్రం చట్టం చెయ్యొచ్చా అన్నది రెండో ప్రశ్న. టెలిఫోన్లు, వైర్‌లెస్ రాజ్యాంగం ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 31వ అంశం. కంపెనీలకు లైసెన్సులు ఇవ్వడం, ధరలు నియంత్రించడం రాష్ట్రం చేతిలో లేదు. కానీ వ్యవసాయం, భూమి, మార్కెట్లు, స్థానిక సంస్థలు రాష్ట్ర జాబితాలోనే ఉన్నాయి. తన సొంత కంపెనీ టీ-ఫైబర్‌కు ఏటా ఎంత డబ్బు ఇవ్వాలి, ఏ ఊరికి ఎప్పటిలోగా చేరాలి, రాష్ట్రం నడిపే భూభారతి, రైతు భరోసా, మార్కెట్ సేవలు ఏ రైతుకైనా అందేట్టు ఎట్లా ఉండాలి అన్నవన్నీ శాసనసభ చట్టంగా చెయ్యొచ్చు. కేంద్ర నిధిలో మన వాటా కోసం కొట్లాడే అధికారం కూడా ఆ చట్టం నుంచే వస్తుంది.

పథకానికి, చట్టానికి తేడా మనకు తెలియనిది కాదు. పథకం ప్రభుత్వం ఇచ్చే మాట. చట్టం మనం నిలదీసే హక్కు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చాకే ఎమ్మార్వో ఆఫీసులో కాగితం అడగగలిగాం. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాకే ఆదిలాబాద్ పోడు రైతు దరఖాస్తు పెట్టి, తిరస్కరిస్తే కారణం రాసివ్వమని అడిగే వీలు కలిగింది. ఆ చట్టాలు పూర్తిగా అమలయ్యాయా అంటే లేదు. కానీ నిలబడి అడగడానికి కాళ్ల కింద నేల ఇచ్చాయి.

అందరికీ అందడం అంటే ఏమిటి?

తీగ ఇంటి దాకా వస్తే పని అయిపోదు. ఈ అంశం మీద మన సంఘం ఇప్పటిదాకా తక్కువగా మాట్లాడింది, అందుకే కొంచెం ఎక్కువ సేపు చెప్తాం.

నలభై ఏండ్లు నాగలి పట్టిన చేతికి వేలిముద్ర అరిగిపోతుంది. రేషన్ షాపులో, బ్యాంకులో మిషన్ దాన్ని గుర్తుపట్టదు. జగిత్యాల, సిరిసిల్ల ఊర్లల్లో కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు. ఆధార్‌కు ఇచ్చిన నంబరు కొడుకుది. తండ్రి ఇక్కడ మీసేవ ముందు నిలబడితే ఓటీపీ దుబాయ్‌లో మోగుతుంది. అక్కడ కొడుకు పనిలో ఉంటే ఇక్కడ తండ్రి పని ఆగుతుంది. చాలా ఇళ్లల్లో పాసుబుక్కు ఆడామె పేరు మీద ఉంటుంది, ఫోను మగాయన చేతిలో ఉంటుంది. తన పత్తి ఏ రోజు కాంటాకు పోతుందో ఆమెకు తెలియదు.

చూపు లేని రైతుకు యాప్ చదివి వినిపించాలి. తెర మీది అక్షరాలను ఫోనే పైకి చదివే సౌకర్యం ఉంది. కానీ యాప్ తయారు చేసేవాళ్లు బొమ్మలకు, బటన్లకు పేర్లు పెట్టకపోతే ఫోను ఏం చదవాలో దానికి తెలియదు. వినికిడి లేని రైతుకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరు ఉండీ లేనట్టే. అది మాటతో నడిచే సేవ. ఆయనకు రాతలో, లేదా సైగ భాషలో వీడియోలో జవాబు కావాలి. గోండి, కొలామీ మాట్లాడే ఆదివాసీ రైతుకు తెలుగు యాప్ కూడా పరాయి యాపే.

ఇవి దయతో చేసే పనులు కావు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ సమాచారం, సేవలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని చెప్పింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు వేసిన కేసు అది. కేవైసీలో కన్ను ఆర్పి చూపాలన్నప్పుడు, ఆ కన్నే దెబ్బతిన్న మనిషి ఏం చెయ్యాలన్నది వాళ్ల ప్రశ్న. డిజిటల్ సేవలు అందుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది. వికలాంగులతో పాటు పల్లె ప్రజలు, వృద్ధులు, పేదలు, భాషాపరంగా వెనుకబడిపోయిన వాళ్ల ఇబ్బందుల గురించీ ఆ తీర్పు మాట్లాడింది. అంటే మన రైతు గురించి కూడా మాట్లాడింది. ఆ తీర్పును రాష్ట్రంలో అమలు చేసే చట్టమే మనం అడుగుతున్నది.

ఈ పని అసాధ్యమూ కాదు. మన పక్కనే ఛత్తీస్‌గఢ్‌లో 2010 నుంచి ‘సీజీనెట్ స్వర’ అనే గొంతు సేవ నడిచింది. నెట్టు లేని మామూలు ఫోనుతో ఒక నంబరుకు చేసి, గోండిలోనే తమ ఊరి సమస్య చెప్పేవారు. దాన్ని మిగతా వాళ్లు కూడా ఫోనులోనే వినేవారు. ఉట్నూర్ ఐటీడీఏ పరిధిలో అట్లాంటి సేవ పెట్టి, పత్తి ధర, స్లాట్ తేదీ, వాన కబురు గోండిలో, కొలామీలో వినిపించడానికి అడ్డం ఏముంది?

ఇతరులు ఏం చేశారు?

ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ తీగలను కరెంటు స్తంభాల మీదుగా లాగారు. తవ్వకం లేదు కాబట్టి ఖర్చు తక్కువ, పని తొందర. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. టీవీతో కలిపి నెలకు 149 రూపాయలతో కనెక్షన్లు ఇచ్చారు. తర్వాత ప్రభుత్వం మారింది, టెండర్ల మీద కేసులు, విచారణలు వచ్చాయి. తప్పు ఎవరిదన్నది కోర్టులు తేలుస్తాయి. మనం నేర్చుకోవాల్సింది ఒకటే. చట్టం అండ లేని కార్పొరేషన్ సర్కారు మారినప్పుడల్లా ఊగిసలాడుతుంది.

కేరళ ఇంటర్నెట్‌ను పౌరుడి కనీస హక్కుగా ప్రకటించింది. 2023 జూన్ 5న ‘కేఫోన్’ ప్రారంభించింది. 20 లక్షల పేద కుటుంబాలకు ఉచిత కనెక్షన్ ఇస్తామన్నది లక్ష్యం. మొదటి విడతలో నియోజకవర్గానికి వంద కుటుంబాల చొప్పున 14 వేల ఇళ్లనే ఎంచుకున్నారు. లక్ష్యానికి, అమలుకు మధ్య దూరం అక్కడా ఉంది. కానీ హక్కు అన్న మాట ప్రభుత్వమే అన్నది కాబట్టి, జనం ఆ దూరాన్ని లెక్కపెట్టి అడగగలుగుతున్నారు.

మక్కలు, సోయా పండించే రైతుల రాష్ట్రం అమెరికాలో ఒకటుంది, మిన్నెసోటా. అక్కడి శాసనసభ 2014లో పల్లెలకు బ్రాడ్‌బ్యాండ్ వేసే సంస్థలకు గ్రాంట్లిచ్చే కార్యక్రమాన్ని చట్టంగా చేసింది. ఏ ఏడాదికి ఎంత వేగం అందాలో చట్టంలోనే రాసుకున్నారు. అదే రాష్ట్రంలో ప్రతి ఫోన్ లైన్ మీద నెలకు కొద్ది పైసల లాంటి రుసుము వసూలు చేసి, వినికిడి, మాట సమస్యలున్న వాళ్లకు ప్రత్యేక ఫోన్లు, మధ్యలో మనిషి ఉండి మాటను రాతగా, రాతను మాటగా మార్చి చెప్పే సేవ నడుపుతున్నారు. తీగకు ఒక నిధి, అందుబాటుకు ఒక నిధి, రెండూ చట్టంలో. మన రాష్ట్రానికి సరిపోయే నమూనా ఇది.

సిరిసిల్ల చూపిన దారి

నిజానికి మనం నమూనా కోసం అంత దూరం పోనక్కర్లేదు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక, పల్లెలకు కరెంటును సహకార పద్ధతిలో ఇవ్వడానికి దేశంలో ఐదు ప్రాంతాలను ప్రయోగంగా ఎంచుకున్నారు. అందులో ఒకటి మన సిరిసిల్ల. సహకార విద్యుత్ సరఫరా సంఘం, మనం సెస్ అంటాం. కరెంటు వాడేవాళ్లే సభ్యులు. డైరెక్టర్లను వాళ్లే ఓట్లేసి ఎన్నుకుంటారు. 2022 డిసెంబరులోనూ ఆ ఎన్నికలు జరిగాయి. బాకీలు, రాజకీయాలు, లోపాలు అక్కడ లేవని మేము అనం. కానీ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఎవరి కాలర్ పట్టుకోవాలో అక్కడి రైతుకు తెలుసు. ఓటుతో దించగల మనిషి ఊర్లోనే ఉంటాడు.

కరెంటు సహకార సంఘాలకు అమెరికాలో 1936లోనే చట్టం చేశారు. 1949లో దాన్నే పల్లె టెలిఫోన్లకు విస్తరించారు. ఈ రోజు అక్కడ చాలా విద్యుత్ సహకార సంఘాలు అవే స్తంభాల మీద ఫైబర్ లాగి తమ సభ్యులకు నెట్టు ఇస్తున్నాయి. మన సిరిసిల్లలో స్తంభాలున్నాయి, సభ్యత్వం ఉంది, యాభై ఏండ్ల అనుభవం ఉంది. టీ-ఫైబర్ తెచ్చిన తీగను మండలం నుంచి ఇంటికి చేర్చే బాధ్యత ఇట్లాంటి సహకార సంఘాలకు, పంచాయతీలకు, మహిళా సమాఖ్యలకు ఇస్తే, పెద్ద కాలువ ప్రభుత్వానిది, పిల్ల కాలువ మనది అవుతుంది. చివరి ఆయకట్టు ఎండదు.

చట్టంలో ఏముండాలి?

సంఘం తరఫున మేము ముందు పెడుతున్న డిమాండ్లు ఇవి. చర్చించి మార్పులు చెప్పండి.

ఒకటి: ప్రతి గ్రామానికే కాదు, ప్రతి గూడేనికి, తండాకు నెట్టు చేరే గడువును ఏడాదివారీగా చట్టంలో రాయాలి. ఏటా ఎన్ని ఊర్లు చేరాయో లెక్కను శాసనసభ ముందు పెట్టాలి.

రెండు: బడ్జెట్‌లో ప్రత్యేక నిధి పెట్టాలి. ఖర్చు కాని డబ్బు మురిగిపోకూడదు. డిజిటల్ భారత్ నిధి నుంచి వచ్చే వాటా అందులోనే జమ కావాలి. ఏజెన్సీ ప్రాంతం, టెయిల్ ఎండ్ మొదట. ఈసారి నీళ్లు కింది మడి నుంచి పైకి రావాలి.

మూడు: రైతుకు సంబంధించిన ఏ ప్రభుత్వ సేవా యాప్ మీద మాత్రమే నడవకూడదు. కాగితం మీద దరఖాస్తు, మనిషి ద్వారా నమోదు ఎప్పుడూ ఉండాలి. సర్వర్ డౌన్ అయిన రోజులు, సిగ్నల్ లేని రోజులు గడువు నుంచి మినహాయించాలి.

నాలుగు: ప్రతి యాప్, పోర్టల్ చూపు లేనివాళ్లు వినేట్టు, వినికిడి లేనివాళ్లు చదివేట్టు ఉండాలి. తెలుగు, గోండి, కొలామీ, ఉర్దూ, లంబాడీ భాషల్లో గొంతు సేవ ఉండాలి. వేలిముద్ర పడనివారికి, ఓటీపీ అందనివారికి వేరే దారి తప్పనిసరి చెయ్యాలి. కొత్త యాప్ విడుదలకు ముందు వికలాంగుల సంఘాలతో, రైతులతో పరీక్షించాలి.

ఐదు: రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. 2024 మార్చిలో వాటిల్లో కొన్నింట్లో ‘రైతు నేస్తం’ వీడియో సమావేశాలు మొదలుపెట్టారు. ప్రతి రైతు వేదిక, బడి, గ్రంథాలయం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచిత కనెక్షన్ ఉండాలి. సాయం చేసే మనిషి కూడా ఉండాలి.

ఆరు: తీగ తెగితే ఎన్ని రోజుల్లో బాగు చెయ్యాలో రాయాలి. దాటితే వినియోగదారుకు పరిహారం ఇవ్వాలి. మరమ్మతు పనిలో స్థానిక యువతకు శిక్షణ, ఉపాధి ఇవ్వాలి. తవ్వకంతో పొలం, బోరు పైపు, గట్టు దెబ్బతింటే రైతుకు నష్టపరిహారం ఇవ్వాలి.

ఏడు: ఇంటికి చేర్చే సేవలో సహకార సంఘాలకు మొదటి అవకాశం ఇవ్వాలి. గ్రామసభలో సామాజిక తనిఖీ జరగాలి.

ఎనిమిది: రైతు భూమి, పంట, బాకీల సమాచారం రైతుదే. అతని అనుమతి లేకుండా విత్తన కంపెనీకో, అప్పులిచ్చే కంపెనీకో ఇవ్వకూడదు. పిల్ల కాలువ మన మడికి నీళ్లు తేవాలి గానీ, మన మడి నీళ్లు పీల్చుకుపోకూడదు.

మనం చెయ్యాల్సింది

డిమాండ్ల పత్రం మంత్రికి ఇచ్చి ఫోటో దిగితే చట్టం రాదు. లెక్క మన చేతిలో ఉండాలి. వచ్చే నెలలోగా ప్రతి గ్రామ శాఖ ఒక పేజీ నింపాలి. పంచాయతీ ఆఫీసులో ఫైబర్ డబ్బా ఉందా, దాని దీపం వెలుగుతోందా? ఊర్లో, శివారు గూడెంలో ఏ కంపెనీ సిగ్నల్ ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు? ఈ సీజన్‌లో పత్తి స్లాట్ కోసం ఎంతమంది ఎన్నిసార్లు బయటి ఊరికి పోయారు, ఎంత ఖర్చయింది? వేలిముద్ర పడక, ఓటీపీ రాక ఎవరి ఏ పని ఆగింది? ఊర్లో చూపు, వినికిడి సమస్యలున్న రైతులు ఎంతమంది, వాళ్ల పనులు ఎవరు చేసి పెడుతున్నారు? పేర్లు బయటపెట్టొద్దు, సంఖ్యలు రాయండి. దీపం వెలగని పంచాయతీల గురించి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

మొన్న డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. కొత్త సర్పంచులు, వార్డు సభ్యులు వచ్చారు. వాళ్లల్లో మన సంఘం వాళ్లున్నారు, మన మాట వినేవాళ్లున్నారు. ప్రతి గ్రామసభలో ఈ చట్టం కోరుతూ తీర్మానం చేయించండి. ఆదివాసీ సంఘాలను, వికలాంగుల సంఘాలను, గల్ఫ్ కార్మికుల కుటుంబాలను, ఉపాధి కూలీలను పిలవండి. ఇది ఒక్క రైతు సమస్య కాదు. తీర్మానాలు, లెక్కలు కలిపి రెండు ఉమ్మడి జిల్లాల ఎమ్మెల్యేలందరికీ ఇద్దాం. శాసనసభలో ఎవరు లేవనెత్తారో, ఎవరు మౌనంగా కూర్చున్నారో ఈ పత్రికలోనే రాద్దాం.

ఒకప్పుడు కరెంటు వస్తే గదా మోటరు అన్నారు. మన తాతలు స్తంభాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు, ధర్నాలు చేశారు, సిరిసిల్లలో ఏకంగా తమ సంఘాన్నే పెట్టుకున్నారు. ఈ తరం కొట్లాట గాజు తీగ కోసం. అది చివరి గూడెం దాకా రావాలి, వచ్చింది అందరి చేతికీ అందాలి. ఆ రెండు మాటలు చట్టంలో రాయించేదాకా ఈ అంశం మన ప్రతి సమావేశం ఎజెండాలో ఉంటుంది.

గ్రామ శాఖల పేజీలు వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. సెలవు.